.టీఎస్ ఫైళ్లు, పీడీఎఫ్‌లు వేరే యాప్‌లో తెరుచుకుంటున్నాయి – డీఫాల్ట్ ఎన్నిసార్లు మార్చినా అంతే

పచ్చికలం:

అందరికీ నమస్కారం. నాలుగు రోజులుగా దీంతోనే కుస్తీ పడుతున్నాను. వాడేది లైనక్స్, డెస్క్‌టాప్ ఎక్స్‌ఎఫ్‌సీఈ, ఫైల్ మేనేజర్ థునార్. పోయిన వారం సిస్టమ్ అప్‌గ్రేడ్ చేసి, అదే రోజు నాటిలస్ అనే ఇంకో ఫైల్ మేనేజర్, క్యూటీ లింగ్విస్ట్ అనే అనువాద సాధనం కూడా ఎక్కించుకున్నాను. అప్పటి నుంచి మూడు తేడాలు.

పీడీఎఫ్ మీద డబుల్ క్లిక్ చేస్తే పీడీఎఫ్‌లు చూపే ఎవిన్స్ బదులు బొమ్మలు దిద్దే గింప్ వచ్చి, ఏ పేజీలు తీసుకోమంటావని అడుగుతోంది. బ్రౌజర్‌లో డౌన్‌లోడ్ అయిన ఫైల్ పక్కనున్న ఫోల్డర్ గుర్తు నొక్కితే థునార్ కాకుండా నాటిలస్ తెరుచుకుంటోంది.

ఈ రెండూ ఎలాగో సర్దుకోవచ్చు. మూడోదానితోనే పని ఆగిపోతోంది. పగలంతా టైప్‌స్క్రిప్ట్‌లో కోడ్ రాస్తాను, వీలు చిక్కినప్పుడు క్యూటీ అనే టూల్‌కిట్‌తో రాసిన యాప్‌లకు తెలుగు అనువాదాలు చేస్తాను. ఈ రెండు రకాల ఫైళ్లకూ చివర .టీఎస్ అనే ఉంటుంది. ఇప్పుడు కోడ్ ఫైల్ నొక్కితే లింగ్విస్ట్ తెరుచుకుని, చదవలేకపోయానని ఎర్రర్ చూపిస్తోంది. రైట్ క్లిక్ చేసి కోడ్ ఎడిటర్‌ను డీఫాల్ట్ చేస్తే అనువాద ఫైళ్లు కూడా ఎడిటర్‌లోకే పోతున్నాయి. వెనక్కి మారిస్తే కోడ్ మళ్లీ లింగ్విస్ట్‌లోకి. టెక్స్ట్/ఎక్స్-టైప్‌స్క్రిప్ట్ అనే రకానికి ఎక్స్‌డీజీ-మైమ్ కమాండ్‌తో ఎడిటర్‌ను డీఫాల్ట్ చేశాను. ఎర్రర్ ఏమీ రాలేదు, కానీ మార్పూ లేదు. దారి చెప్పగలరా?

అర్ధరాత్రి_లాగ్:

హోమ్‌లో .కాన్ఫిగ్ లోపలున్న మైమ్‌యాప్స్.లిస్ట్ డిలీట్ చేసి, లాగౌట్ అయి రండి. నాకు పీడీఎఫ్ సమస్య అలాగే పోయింది.

సాలెగూడు:

దయచేసి డిలీట్ చేయొద్దు, పచ్చికలం గారూ. ఆ ఫైల్లో పీడీఎఫ్‌ల సంగతి ఒక్కటే కాదు, వెబ్ లింకులు ఏ బ్రౌజర్‌లో తెరవాలి, మెయిల్ లింకులు ఎవరికి ఇవ్వాలి అన్నవి కూడా ఉంటాయి. ఎక్స్-స్కీమ్-హ్యాండ్లర్ అని మొదలయ్యే వరసలు అవే. ఏళ్ల తరబడి మీరు ఒక్కొక్కటిగా పెట్టుకున్న ఎంపికలన్నీ ఒక్కసారిగా పోతాయి. తీసి చూడాలనే ఉంటే పేరు మార్చి పక్కన పెట్టండి.

అంతకన్నా ముఖ్యమైన మాట. ఇలాంటివి వచ్చినప్పుడు అందరం నేరుగా డీఫాల్ట్ యాప్ మీదే పడతాం. డబుల్ క్లిక్ వెనక నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. మొదటిది, ఈ ఫైల్ ఏ రకం? రెండోది, ఆ రకాన్ని ఎవరు తెరవాలి? మొదటిదానికి జవాబు మైమ్ డేటాబేస్‌లో, అంటే ఫైల్ రకాల పట్టికలో ఉంటుంది, రెండోదానికి డెస్క్‌టాప్ ఫైళ్లలోనూ (ఒక్కో యాప్‌ను ఎలా నడపాలో, అది ఏ రకాలు తెరుస్తుందో చెప్పేవి) మైమ్‌యాప్స్.లిస్ట్‌లోనూ ఉంటుంది. మొదటి జవాబు తప్పయితే రెండోదాన్ని వందసార్లు మార్చినా ఫలితం ఉండదు. మీ టైప్‌స్క్రిప్ట్ వ్యవహారం అలాంటిదేనని నా అనుమానం.

ఇంకొకటి, ప్రశ్న అడగాల్సిన చోట అడగాలి. థునార్, నాటిలస్, నెమో, కాజా అన్నీ జీఐఓ లైబ్రరీని నమ్ముకున్న ఫైల్ మేనేజర్లే, కాబట్టి జీఐఓనే (దాని కమాండ్ పేరు జియో) అడగండి. టెర్మినల్‌లో ఉండే ఫైల్ అనే కమాండ్‌కు తన సొంత డేటాబేస్ ఉంది. అది చెప్పిన జవాబు సరైనదే అయినా, థునార్ ఏమనుకుంటోందో దాన్నిబట్టి తెలియదు.

ఈ నాలుగూ నడిపి వచ్చింది ఇక్కడ పెట్టండి:

జియో ఇన్ఫో -ఎ స్టాండర్డ్::కంటెంట్-టైప్ మెయిన్.టీఎస్
జియో ఇన్ఫో -ఎ స్టాండర్డ్::కంటెంట్-టైప్ యాప్_తె.టీఎస్
జియో మైమ్ అప్లికేషన్/పీడీఎఫ్
గ్రెప్ పీడీఎఫ్ ~/.కాన్ఫిగ్/మైమ్‌యాప్స్.లిస్ట్

మొదటి దానికి కోడ్ ఫైల్ ఒకటి, రెండోదానికి అనువాద ఫైల్ ఒకటి ఇవ్వండి.

పచ్చికలం:

సాలెగూడు గారూ, చాలా థాంక్స్. డిలీట్ చేయలేదు, కాపీ తీసి పెట్టుకున్నాను.

కోడ్ ఫైల్‌కూ అనువాద ఫైల్‌కూ ఒకే జవాబు వచ్చింది: రెండూ లింగ్విస్ట్ రకమేనట! పీడీఎఫ్‌కు డీఫాల్ట్ గింప్.డెస్క్‌టాప్ అని చూపిస్తూ, కింద రిజిస్టర్ అయిన యాప్‌లలో గింప్, ఆర్గ్.గ్నోమ్.ఎవిన్స్ రెండూ ఉన్నాయి. గ్రెప్‌లో మాత్రం ఈ వరస వచ్చింది:

అప్లికేషన్/పీడీఎఫ్=ఎవిన్స్.డెస్క్‌టాప్

అంటే నేను ఎవిన్స్‌నే పెట్టుకున్నాను కదా, గింప్ మధ్యలోకి ఎలా వచ్చింది?

సాలెగూడు:

మీ జవాబు ఆ వరసలోనే ఉంది. మీరు పెట్టుకున్న పేరు ఎవిన్స్.డెస్క్‌టాప్. ఇప్పుడు డిస్క్ మీద ఉన్న ఫైల్ పేరు ఆర్గ్.గ్నోమ్.ఎవిన్స్.డెస్క్‌టాప్. యాప్ అదే, కానీ దాని డెస్క్‌టాప్ ఫైల్ పేరు మారింది. లిస్టులో ఉన్న పేరుతో ఫైల్ దొరక్కపోతే, నియమం ప్రకారం ఆ వరసను వదిలేసి తరవాతి చోట వెతుకుతారు. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. చివరికి మైమ్‌ఇన్ఫో.క్యాష్ దగ్గర ఆగి, పీడీఎఫ్ తెరవగలనని చెప్పుకున్న వాళ్లలో ముందున్న వాళ్లకు అప్పగిస్తారు. గింప్ పీడీఎఫ్‌లను నిజంగానే తెరవగలదు కాబట్టి ఆ జాబితాలో ఉంది.

ఎక్స్‌డీజీ-మైమ్ డీఫాల్ట్ ఆర్గ్.గ్నోమ్.ఎవిన్స్.డెస్క్‌టాప్ అప్లికేషన్/పీడీఎఫ్

దీంతో సరిపోవాలి. మిగతా వరసల్లో కూడా ఇలా పాతబడిన పేర్లు ఉన్నాయేమో చూడండి. ఒక్కో పేరు తీసుకుని /యూఎస్ఆర్/షేర్/అప్లికేషన్స్‌లో, మీ ~/.లోకల్/షేర్/అప్లికేషన్స్‌లో ఉందో లేదో చూసుకుంటే చాలు. ఫ్లాట్‌ప్యాక్ యాప్‌లైతే /వార్/లిబ్/ఫ్లాట్‌ప్యాక్/ఎక్స్‌పోర్ట్స్/షేర్/అప్లికేషన్స్‌లో ఉంటాయి.

టీఎస్ సంగతి రాత్రికి వివరంగా రాస్తాను, అది తొందరగా తేల్చే విషయం కాదు.

కెర్నల్_పిచుక:

రెండో సమస్య నేను చెప్తాను, నాటిలస్, థునార్ రెండూ ఉన్న మెషీన్‌లో నాకూ ఇదే జరిగింది. ఇనోడ్/డైరెక్టరీ అనే రకానికి, అంటే ఫోల్డర్లకు, థునార్‌ను డీఫాల్ట్ చేస్తే పోతుందని చాలాచోట్ల రాస్తారు. మీరూ చేసే ఉంటారు.

పచ్చికలం:

అవునండీ, చేశాను. డెస్క్‌టాప్ మీద ఫోల్డర్ తెరిస్తే థునార్ వస్తోంది. బ్రౌజర్ నుంచి మాత్రం ఇంకా నాటిలసే.

కెర్నల్_పిచుక:

కారణం ఏమిటంటే, బ్రౌజర్ ఫోల్డర్‌ను తెరవమని అడగడం లేదు. ఫోల్డర్ తెరిచి, అందులో ఈ ఫైల్‌ను ఎంపిక చేసి చూపించమంటోంది. ఆ పని మైమ్ దారిలో జరగదు. యాప్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే డీబస్ మీద ఆర్గ్.ఫ్రీడెస్క్‌టాప్.ఫైల్‌మేనేజర్1 అనే పేరును పిలిచి, షోఐటమ్స్ అని అడుగుతుంది. ఆ పేరును నాటిలస్, థునార్, నెమో, డాల్ఫిన్ అన్నీ తమదేనంటాయి. అప్పటికే ఎవరు నడుస్తూ ఆ పేరు పట్టుకుని ఉంటే వాళ్లే వస్తారు. ఎవరూ నడవకపోతే, సర్వీస్ ఫైళ్లలో డీబస్‌కు దొరికిన వాళ్లను లేపుతుంది.

ఎవరెవరు ఉన్నారో ఇలా తెలుస్తుంది:

గ్రెప్ -ఎల్ ఫైల్‌మేనేజర్1 /యూఎస్ఆర్/షేర్/డీబస్-1/సర్వీసెస్/*

అందులో థునార్‌ది ఏదో చూసి, ఆ ఫైల్‌ను ~/.లోకల్/షేర్/డీబస్-1/సర్వీసెస్‌లోకి కాపీ చేయండి. ఫోల్డర్ లేకపోతే సృష్టించండి. హోమ్‌లో ఉన్నదానికి డీబస్ మొదటి ప్రాధాన్యం ఇస్తుంది. ఒకసారి లాగౌట్ అయి రండి. /యూఎస్ఆర్ లోపల ఉన్నవాటిని మాత్రం ముట్టుకోకండి, అక్కడ మీరు చేసిన మార్పులను తరవాతి అప్‌గ్రేడ్ తుడిచేస్తుంది.

చిగురు22:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నాదీ ఇలాంటిదే, కొంచెం వేరు. ఒక యాప్‌ఇమేజ్ (ఒకే ఫైల్‌గా వచ్చే యాప్) దించుకున్నాను. ఓపెన్ విత్‌లో అది కనిపించదు. కస్టమ్ కమాండ్ అని దాని దారి రాస్తే, ఏదో ఫైల్ సృష్టించలేకపోయామని ఎర్రర్ వస్తోంది. నేను లైనక్స్‌కు వచ్చి మూడు నెలలే అన్నా, కాస్త విడమరిచి చెప్పండి.

కెర్నల్_పిచుక:

చిగురూ, ముందు ఇది నడిపి చూడు:

ఎల్ఎస్ -ఎల్‌డీ ~/.లోకల్/షేర్/అప్లికేషన్స్

యజమాని పేరు నీదేనా, రూట్ అని ఉందా?

చిగురు22:

రూట్ అనే ఉంది అన్నా. ఒక ఇన్‌స్టాల్ స్క్రిప్ట్‌ను సూడోతో నడిపాను, బహుశా దానివల్లేనేమో.

కెర్నల్_పిచుక:

దానివల్లే. కస్టమ్ కమాండ్ ఇచ్చిన ప్రతిసారీ జీఐఓ ఆ ఫోల్డర్‌లో యూజర్‌యాప్ అని మొదలయ్యే చిన్న డెస్క్‌టాప్ ఫైల్ ఒకటి రాస్తుంది. ఫోల్డర్ రూట్ చేతిలో ఉంటే రాయలేదు. సూడో చౌన్ -ఆర్ పెట్టి, నీ యూజర్ పేరు ఇచ్చి, ఆ ఫోల్డర్ దారి ఇవ్వు. ఆ ఒక్క ఫోల్డర్‌కే ఇవ్వు, హోమ్ మొత్తానికి వద్దు.

ఆ తరవాత కస్టమ్ కమాండ్ కన్నా నువ్వే ఒక డెస్క్‌టాప్ ఫైల్ రాసుకోవడం మంచిది. ఎగ్జెక్ వరసలో యాప్‌ఇమేజ్ పూర్తి దారి రాయి, /హోమ్ నుంచి మొదలుపెట్టి. అక్కడ టిల్డా గుర్తు (~) పనిచేయదు, ఎందుకంటే ఆ వరసను చదివేది షెల్ కాదు. చివర %ఎఫ్ పెట్టు, నువ్వు నొక్కిన ఫైల్ దారి ఆ చోట కూర్చుంటుంది. మైమ్‌టైప్ వరసలో ఒక్కో రకం తరవాత సెమికోలన్ ఉండాలి. రాశాక డెస్క్‌టాప్-ఫైల్-వ్యాలిడేట్‌తో ఒకసారి సరిచూసి, అప్‌డేట్-డెస్క్‌టాప్-డేటాబేస్‌కు ఆ ఫోల్డర్ ఇచ్చి నడుపు.

చిగురు22:

వచ్చింది అన్నా! నేను టిల్డానే పెట్టాను మొదట, నువ్వు చెప్పింది చూసి మార్చాను. ఇప్పుడు ఓపెన్ విత్‌లో పేరుతో సహా కనిపిస్తోంది.

సాలెగూడు:

పచ్చికలం గారూ, ఇక టీఎస్ దగ్గరికి వద్దాం. ముందు ఇది చూడండి:

గ్రెప్ టీఎస్$ /యూఎస్ఆర్/షేర్/మైమ్/గ్లోబ్స్2

నా మెషీన్‌లో వచ్చిన వరసల్లో మనకు కావలసినవి రెండు. ఒకటి 50:వీడియో/ఎంపీ2టీ:*.టీఎస్, రెండోది కూడా 50తోనే మొదలై, లింగ్విస్ట్ రకానికి *.టీఎస్ అని. మొదటి అంకె బరువు, రెండోది రకం, మూడోది ఫైల్ పేరు నమూనా. బరువు ఎవరూ ప్రత్యేకంగా చెప్పకపోతే 50 అని తీసుకుంటారు, గరిష్ఠం 100. అంటే .టీఎస్ చివరకు ఇప్పటికే ఇద్దరు హక్కుదారులున్నారు: టీవీ ప్రసారాల రికార్డింగ్‌లలో వచ్చే ఎంపెగ్ ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్ ఒకరు, క్యూటీ అనువాదం ఒకరు. టైప్‌స్క్రిప్ట్ ఆ జాబితాలోనే లేదు. మీ దగ్గర దానికీ ఒక వరస ఉంటే ఇక్కడే ఆపి చెప్పండి, అప్పుడు దారి వేరు.

పేరు చూసి ఒకే రకం తేలితే జీఐఓ సాధారణంగా అంతటితో ఆగిపోతుంది. ఇద్దరు తేలితే ఫైల్‌ను తెరిచి మొదటి భాగం చదువుతుంది. మీ కోడ్ ఫైల్‌లో ప్రత్యేక గుర్తు ఏదీ దొరకదు, చదవగలిగే అక్షరాలే కాబట్టి ఇది మామూలు టెక్స్ట్ అని అనుకుంటుంది. ఇప్పుడు ఆ ఇద్దరిలో టెక్స్ట్ కుటుంబానికి చెందినవాళ్లు ఎవరని చూస్తుంది. వీడియో కాదు, లింగ్విస్ట్ అవును. కాబట్టి మీ కోడ్ అనువాద ఫైల్ అయిపోయింది. లైబ్రరీ తనకు తెలిసినంతలో సరిగ్గానే లెక్క వేసింది. దానికి మూడో పేరు తెలియదు, అదే లోపం.

మీరు టెక్స్ట్/ఎక్స్-టైప్‌స్క్రిప్ట్‌కు ఎడిటర్‌ను పెట్టడం కూడా తప్పు కాదు. ఆ రకం ఫైల్ ఒక్కటి కూడా మీ సిస్టమ్‌లో లేదు, అంతే. రైట్ క్లిక్‌తో మార్చినప్పుడు మీరు మార్చింది లింగ్విస్ట్ రకానికి డీఫాల్ట్‌ను. అందుకే ఒకటి సరిచేస్తే ఇంకొకటి చెడింది.

అందుకని ఆ మూడో పేరును మనమే చెబుదాం. ~/.లోకల్/షేర్/మైమ్/ప్యాకేజెస్ ఫోల్డర్‌లో టైప్‌స్క్రిప్ట్.ఎక్స్‌ఎంఎల్ అని ఒక ఫైల్ పెట్టండి. బయట మైమ్-ఇన్ఫో ట్యాగ్, దానికి ఫ్రీడెస్క్‌టాప్ షేర్డ్-మైమ్-ఇన్ఫో నేమ్‌స్పేస్ తప్పనిసరి. /యూఎస్ఆర్/షేర్/మైమ్/ప్యాకేజెస్‌లో ఉన్న ఏ ఫైల్ నుంచైనా ఆ మొదటి వరసను యథాతథంగా తెచ్చుకోండి. లోపల ఒకే ఒక మైమ్-టైప్ ట్యాగ్, రకం టెక్స్ట్/ఎక్స్-టైప్‌స్క్రిప్ట్. దాని లోపల మూడు వరసలు: కామెంట్‌లో మీకు నచ్చిన వివరణ, సబ్-క్లాస్-ఆఫ్‌లో టెక్స్ట్/ప్లెయిన్, గ్లోబ్‌లో నమూనా *.టీఎస్, బరువు 60.

తరవాత:

అప్‌డేట్-మైమ్-డేటాబేస్ ~/.లోకల్/షేర్/మైమ్
థునార్ -క్యూ

మొదటి కమాండ్‌కు ఇచ్చేది మైమ్ ఫోల్డర్, ప్యాకేజెస్ కాదు. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు.

బరువు 60 ఎందుకంటే, టెక్స్ట్ కుటుంబంలో ఇప్పుడు ఇద్దరుంటారు కదా, లింగ్విస్ట్, టైప్‌స్క్రిప్ట్. బరువు ఎక్కువున్నది ముందు వరసలో నిలబడుతుంది. కోడ్ ఫైల్‌కు అది చాలు. అనువాద ఫైల్ అలా కాదు, అది ఎక్స్‌ఎంఎల్. లోపల చూడగానే ఆ సంగతి తెలిసిపోతుంది, ఎక్స్‌ఎంఎల్ కుటుంబంలో ఉన్నది లింగ్విస్ట్ ఒక్కటే కాబట్టి దానికే పోతుంది. వీడియోకు లోపల తన గుర్తు తనకుంది. అంటే బరువు పెంచినా మిగతా ఇద్దరి వాటా పోదు.

ఇది జీఐఓ నడక. క్యూటీ, కేడీఈ యాప్‌లు ఇదే డేటాబేస్ చదివినా నిర్ణయించే కోడ్ వేరు, కాబట్టి డాల్ఫిన్ వాడేవాళ్లు మూడు రకాలూ ఒక్కోటి తెరిచి చూసుకున్నాకే నమ్మండి.

అర్ధరాత్రి_లాగ్:

నేను డిలీట్ చేయమన్నది వెనక్కి తీసుకుంటున్నాను. అప్పట్లో నా మెయిల్ లింకులు బ్రౌజర్‌లోకి పోవడం మొదలైంది. అది వేరే సమస్య అనుకున్నాను, ఇప్పుడు అర్థమైంది.

డాల్ఫిన్ అన్నారు కాబట్టి ఒక మాట అడుగుతాను. ఇంకో మెషీన్‌లో హైపర్‌ల్యాండ్ అనే విండో మేనేజర్ పెట్టుకుని డాల్ఫిన్ వాడుతున్నాను. అందులో ఏ ఫైల్ నొక్కినా దేనితో తెరవాలని అడుగుతోంది, జాబితా మొత్తం ఖాళీ. మైమ్‌యాప్స్.లిస్ట్ చక్కగానే ఉంది.

సాలెగూడు:

డాల్ఫిన్ యాప్‌ల జాబితాను డెస్క్‌టాప్ ఫైళ్ల నుంచి నేరుగా చదవదు. సైకోకా అని ఒక క్యాష్ కట్టుకుంటుంది. అది కట్టడానికి /ఈటీసీ/ఎక్స్‌డీజీ/మెనూస్‌లో అప్లికేషన్స్.మెనూ కావాలి. కేడీఈ డెస్క్‌టాప్ అయిన ప్లాస్మాలో ఆ ఫైల్ పేరు ప్లాస్మా-అప్లికేషన్స్.మెనూ, ముందున్న ఆ ప్లాస్మా మాటను ఎక్స్‌డీజీ_మెనూ_ప్రిఫిక్స్ అనే వేరియబుల్ చెబుతుంది. ప్లాస్మా సెషన్ దాన్ని తనే పెట్టుకుంటుంది. హైపర్‌ల్యాండ్, స్వే లాంటివి పెట్టవు, కాబట్టి మెనూ దొరకదు, క్యాష్ ఖాళీ.

ప్లాస్మా-వర్క్‌స్పేస్ ప్యాకేజీ ఉంటే:

ఎక్స్‌డీజీ_మెనూ_ప్రిఫిక్స్=ప్లాస్మా- కేబిల్డ్‌సైకోకా6

ఆర్చ్‌లో అయితే ఆర్చ్‌లైనక్స్-ఎక్స్‌డీజీ-మెనూ అనే చిన్న ప్యాకేజీ వేసుకుని, ప్లాస్మా- చోట ఆర్చ్- పెట్టండి. పనిచేస్తే ఆ వేరియబుల్‌ను సెషన్ మొదలయ్యే చోట శాశ్వతంగా రాసుకోండి, లేకపోతే క్యాష్ మళ్లీ కట్టినప్పుడు మళ్లీ ఖాళీ అవుతుంది.

అర్ధరాత్రి_లాగ్:

ఆర్చ్ దారిలో వెళ్లాను, జాబితా నిండుగా వచ్చింది. చాలా సంతోషం.

పచ్చికలం:

ఒక్కోటి చెప్తాను.

పీడీఎఫ్ సరైంది. మైమ్‌యాప్స్.లిస్ట్ మొత్తం చూస్తే అలా పాతబడిన పేర్లు ఇంకో ఐదు దొరికాయి, అన్నీ మార్చాను. బ్రౌజర్ నుంచి ఇప్పుడు థునార్ తెరుచుకుని, ఫైల్‌ను ఎంపిక చేసి మరీ చూపిస్తోంది. కెర్నల్_పిచుక గారికి ధన్యవాదాలు, డీబస్ దాకా నేను సొంతంగా ఎప్పటికీ వెళ్లేవాణ్ని కాదు.

టీఎస్. గ్లోబ్స్2లో నాకూ టైప్‌స్క్రిప్ట్ వరస లేదు. ఎక్స్‌ఎంఎల్ రాశాను, మొదటిసారి మీరు హెచ్చరించినా ప్యాకేజెస్ ఫోల్డర్‌కే అప్‌డేట్ ఇచ్చాను, ఏమీ మారలేదు. సరిగ్గా ఇచ్చాక మూడు ఫైళ్లు పక్కపక్కన పెట్టి అడిగాను. మెయిన్.టీఎస్‌కు టెక్స్ట్/ఎక్స్-టైప్‌స్క్రిప్ట్ అని వచ్చింది. యాప్_తె.టీఎస్‌కు లింగ్విస్ట్. పాత రికార్డింగ్ ఒకటి వెతికి పట్టుకొచ్చాను, దానికి వీడియో/ఎంపీ2టీ. మూడూ నొక్కితే మూడు వేరు వేరు యాప్‌లు తెరుచుకున్నాయి. నేను రైట్ క్లిక్‌తో లింగ్విస్ట్ రకానికి తగిలించిన ఎడిటర్‌ను కూడా తీసేశాను. మొదట టెక్స్ట్/ఎక్స్-టైప్‌స్క్రిప్ట్‌కు ఇచ్చిన డీఫాల్ట్ అలాగే ఉంది, ఇప్పుడు అదే పనిచేస్తోంది.

ఒక సందేహం మిగిలింది. అనువాదం ఇప్పుడే మొదలుపెట్టిన ఫైల్, అంటే లోపల ఏమీ రాయనిది, దాని సంగతి ఏమిటి?

సాలెగూడు:

ఖాళీ ఫైల్‌లో చదవడానికి ఏమీ ఉండదు, కాబట్టి సరైన రకం తేలుతుందని ఆశ పెట్టుకోకండి. అనువాద ఫైల్‌ను చేత్తో సృష్టించకుండా ఎల్‌అప్‌డేట్ కమాండ్‌తో పుట్టిస్తే మొదటి నుంచీ ఎక్స్‌ఎంఎల్ హెడర్ ఉంటుంది, అప్పుడు ఈ చిక్కు రాదు.

వేపచెట్టు:

మొత్తం చదివి నా మెషీన్‌లో చూశాను. నాకు టెక్స్ట్ ఫైళ్లు వైన్ (విండోస్ ప్రోగ్రామ్‌లను లైనక్స్‌లో నడిపేది) నోట్‌ప్యాడ్‌లో తెరుచుకునేవి. ~/.లోకల్/షేర్/అప్లికేషన్స్‌లో వైన్-ఎక్స్‌టెన్షన్ అని మొదలయ్యే డెస్క్‌టాప్ ఫైళ్లు ఇరవైకి పైగా ఉన్నాయి. తీసేస్తే పోయింది. మళ్లీ రాకుండా ఏం చేయాలి?

కెర్నల్_పిచుక:

వైన్‌లో విండోస్ ప్రోగ్రామ్ ఏదైనా ఒక రకం ఫైల్ తనదని రిజిస్టర్ చేసుకుంటే, వైన్‌మెనూబిల్డర్ దాన్ని తెచ్చి మీ డెస్క్‌టాప్‌కు చెబుతుంది. కొంతమందికి అది కావాలి. మీకు వద్దంటే వైన్‌డీఎల్ఎల్ఓవర్‌రైడ్స్ వేరియబుల్‌లో వైన్‌మెనూబిల్డర్.ఈఎక్స్‌ఈ=డీ అని పెట్టుకోండి. ~/.లోకల్/షేర్/మైమ్/ప్యాకేజెస్‌లో కూడా ఎక్స్-వైన్ అని మొదలయ్యేవి ఉంటే తీసేసి, డేటాబేస్ మళ్లీ అప్‌డేట్ చేయండి.

పచ్చికలం:

చివరిగా ఒకటి. మా బృందంలో ఇంకో ఇద్దరు ఇదే మెషీన్ మీద వేరే లాగిన్‌లతో పనిచేస్తారు. ఈ ఎక్స్‌ఎంఎల్ వాళ్లకు కూడా వర్తించాలంటే?

సాలెగూడు:

అదే ఫైల్‌ను /యూఎస్ఆర్/లోకల్/షేర్/మైమ్/ప్యాకేజెస్‌లో పెట్టి, సూడోతో అప్‌డేట్-మైమ్-డేటాబేస్ /యూఎస్ఆర్/లోకల్/షేర్/మైమ్ నడపండి. లోకల్ కింద ఉన్నవాటి జోలికి ప్యాకేజీ మేనేజర్ రాదు. పెట్టాక మీ హోమ్‌లో ఉన్న కాపీ తీసేసి, అక్కడ కూడా డేటాబేస్ అప్‌డేట్ చేయండి, లేకపోతే రేపు ఒకటి మార్చి ఇంకొకటి ఎందుకు మారలేదని వెతుక్కోవాల్సి వస్తుంది. డీఫాల్ట్ ఎడిటర్ మాత్రం ఎవరి లాగిన్‌లో వాళ్లే పెట్టుకోవాలి.

పచ్చికలం:

చేశాను. రెండో లాగిన్‌లో కూడా సరిగ్గా వస్తోంది.